నల్ల గౌనుకు ఎర్ర అంచు

క్రైస్తవ సెమినరీలో డాక్టరేట్ అందుకునేవారు తొడిగే దుస్తుల వెనక ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ పట్టీలనూ రంగులనూ చూసి, మనిషి ఏ పట్టా అందుకున్నాడో పోల్చుకోవచ్చు.

అమెరికాలో మే నెల వచ్చిందంటే సెమినరీలలో పట్టాల పండుగ. డాక్టరేట్ అందుకోబోయేవాళ్లు వరుసగా నిలబడి ఉంటారు. అందరి ఒంటి మీదా నల్ల గౌనే. పరకాయించి చూస్తే తేడా తెలుస్తుంది. ఒకాయన చేతుల మీద మూడు మఖమల్ పట్టీలు ఎర్రగా ఉంటాయి. పక్కాయనవి ముదురు నీలం. ఇద్దరూ ఏళ్ల తరబడి చదివింది బైబిలే. ఇద్దరికీ పాఠం చెప్పిన గురువులూ ఒక్కరే కావచ్చు. మరి రంగెందుకు మారింది?

ఎర్ర పట్టీల ఆయన పుచ్చుకుంటున్నది డాక్టర్ ఆఫ్ థియాలజీ, లేదంటే డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ. నీలం పట్టీల ఆయనది పీహెచ్‌డీ. అమెరికా పద్ధతిలో వేదాంతశాస్త్రం రంగు ఎరుపు, మందారపువ్వు ఎరుపు. పీహెచ్‌డీ రంగు మాత్రం ముదురు నీలం. పరిశోధన అణువుల మీద చేసినా, అపొస్తలుడైన పౌలు రాసిన పత్రికల మీద చేసినా పీహెచ్‌డీకి ఆ నీలమే. అంటే అక్కడ రంగు చెప్పేది ఏ పట్టా వచ్చిందో. ఆ సంగతి తెలియక, నీలం కనబడగానే ఈయన సెమినరీ మనిషి కాడేమో అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ దుస్తుల గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన ఊళ్లలో సువార్త సభల ఫ్లెక్సీల మీద పాస్టర్లు నల్ల గౌను, పలక టోపీలతో కనిపించడం మామూలైపోయింది. చూసేవాళ్లలో కొందరికి అది పవిత్రతకు గుర్తు. కొందరికి అధికారానికి గుర్తు. దాని చరిత్ర మాత్రం వేరే మాట చెబుతుంది. ఆ గౌను పాఠం చెప్పేవాడి బట్ట. తాను చదివిందానికీ, చెప్పేదానికీ జవాబుదారీగా ఉంటానని నలుగురి ముందూ ప్రమాణం చేసినవాడి బట్ట.

కొలత ప్రకారం

ఈ రంగుల లెక్క తేలడం వెనక ఒక దుకాణదారుల ఇంటి అబ్బాయి ఉన్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో కాట్రెల్ అండ్ లెనర్డ్ అనే దుకాణం ఉండేది. ఆ కుటుంబానికి చెందిన గార్డ్‌నర్ కాట్రెల్ లెనర్డ్ 1887లో విలియమ్స్ కాలేజీ నుంచి పట్టా తీసుకుంటూ, తన తరగతికి గౌన్లు తానే రూపొందించాడు. ఆ పని మీద మోజు పెరిగి, చరిత్ర తవ్వి, 1893లో ఒక వ్యాసం రాశాడు. అప్పటిదాకా అమెరికాలో ఏ కాలేజీ ఇష్టం ఆ కాలేజీది. 1895లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలేజీల ప్రతినిధులు కూర్చుని, లెనర్డ్ సలహాతో అందరికీ పనికొచ్చే ఒక నియమావళి తయారు చేశారు. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ దాన్ని 1932లోనూ, తర్వాత 1959లోనూ సవరించింది. పాటించి తీరాలన్న చట్టమేమీ లేదు. అయినా అమెరికాలోని కాలేజీలూ సెమినరీలూ చాలావరకు ఇప్పటికీ దాని ప్రకారమే నడుచుకుంటున్నాయి.

ఆ నియమావళి ప్రకారం బీఏ గౌను చేతులు కొసగా దిగుతాయి. ఎంఏ గౌనుకి పొడవాటి చేతులు, మధ్యలో చీలిక. డాక్టరు గౌను చేతులు గంట ఆకారంలో వెడల్పుగా ఉంటాయి. ముందువైపు మెడ నుంచి అంచు దాకా రెండు మఖమల్ పట్టీలు నిలువుగా దిగుతాయి. ఒక్కో చేతి మీద మూడేసి అడ్డపట్టీలు. ఈ మఖమల్ నల్లగా ఉండొచ్చు, లేదా పట్టా రంగులో ఉండొచ్చు. టోపీకి వేలాడే కుచ్చు డాక్టర్లకు బంగారు రంగులో ఉండొచ్చు. పలక టోపీ బదులు మెత్తని మఖమల్ టోపీ పెట్టుకునే వీలు కూడా వాళ్లకే.

అసలు విషయమంతా హుడ్‌లో ఉంది. మెడ మీదుగా వేసుకుంటే వీపు మీద వేలాడే వస్త్రం అది. బీఏకి 3 అడుగులు, ఎంఏకి మూడున్నర, డాక్టరుకి 4 అడుగులు. దాని అంచున కుట్టే మఖమల్ వెడల్పు బీఏకి 2 అంగుళాలు, ఎంఏకి 3, డాక్టరుకి 5. అంచు రంగు పట్టాది. లోపలి పట్టు అస్తరు పట్టా ఇచ్చిన సంస్థది. అస్తరు బయటికి కనబడేలా హుడ్‌ను కాస్త తిప్పి వేస్తారు. అందుకే హుడ్ తగిలించుకున్న మనిషి ముందు నుంచి వస్తుంటే సగమే తెలుస్తుంది. దాటి వెళ్లాక వెనక నుంచి చూస్తే ఏ పట్టా, ఏ సంస్థ అన్న రెండు సంగతులూ తెలిసిపోతాయి.

వేదాంతానికి ఎరుపెందుకంటే, అది అనాదిగా సంఘం రంగుల్లో ఒకటి. వైద్యానికి మూలికల పచ్చ, న్యాయశాస్త్రానికి రాజుల కొలువు నాటి ఊదా. సాహిత్యానికి తెలుపు. పాత ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ బీఏ హుడ్‌లకు ఉండే తెల్లని బొచ్చు నుంచి తీసుకున్నారు దాన్ని. ఇంగ్లండులో డాక్టర్ ఆఫ్ డివినిటీలు ఎప్పటి నుంచో ఎర్ర గౌన్లే తొడుగుతున్నారు. ఆక్స్‌ఫర్డ్ డీడీ పండుగ గౌను ఎర్రటి ఉన్ని మీద నల్ల మఖమల్. కేంబ్రిడ్జ్‌లో ఆ ఎరుపుకి పావురం మెడ రంగు పట్టు జోడిస్తారు. ఈ రంగు లోకమంతటా ఒకటే అనుకోకూడదు. స్పెయిన్‌లో వేదాంతశాస్త్రానిది తెలుపు.

చలి కాచుకునే బట్ట

పన్నెండు, పదమూడో శతాబ్దాలలో పారిస్, ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట్ల విశ్వవిద్యాలయాలు రూపుదిద్దుకుంటున్నప్పుడు అక్కడ చదివేవాళ్లను, చదువు చెప్పేవాళ్లను చర్చి మనుషులుగానే లెక్కగట్టేవారు. తల మధ్యన గుండు, ఒంటి మీద మతాధికారుల నిలువుటంగీ. రాతి కట్టడాలు, కొరికే చలి. కాళ్ల దాకా దిగే ఉన్ని బట్ట, తల మీదికి లాక్కోవడానికి ముసుగు లేకపోతే పాఠం వినడమే కష్టం. 1222లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ ఆక్స్‌ఫర్డ్‌లో జరిపిన సభ, మతాధికారులు ముందు మూసి ఉండే ఒక రకం నిలువుటంగీని తొడగాలని నిర్ణయించింది. నేటి గౌనుకి పూర్వీకుల్లో అదొకటి. తలకి టోపీలు వచ్చాక ముసుగుతో పని లేకపోయింది. అది భుజాల మీదికి జారి, వీపు మీదికి దిగి, అలంకారమైంది. నేటి హుడ్ అదే.

అంటే గౌను పుట్టింది చర్చి నీడలో. తర్వాత విశ్వవిద్యాలయం దాన్ని తన సొంతం చేసుకుంది. అయితే ఆ గౌనే తిరిగి చర్చిలోకి నడిచొచ్చిన తీరు ఇంకా గొప్పగా ఉంటుంది.

1512 అక్టోబరు 19న జర్మనీలోని విటెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ అనే సన్యాసి డాక్టర్ ఆఫ్ థియాలజీ అయ్యాడు. చేతిలో పైసా లేనివాడు. ఆ వేడుకకి కావలసిన 50 గుల్డెన్లను సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ ఇస్తే, వాటిని తెచ్చుకోవడానికి లూథర్ లైప్‌జిగ్ దాకా వెళ్లాడు. వేడుకలో తలకి ఉన్ని టోపీ పెట్టారు, వేలికి ఉంగరం తొడిగారు. లేఖనాన్ని నమ్మకంగా బోధిస్తానని ఆయన ప్రమాణం చేశాడు. ఐదేళ్లకు పోపు అధికారాన్ని ప్రశ్నించినప్పుడు, అడగడానికి నువ్వెవరివన్న మాట వచ్చింది. జీవితాంతం ఆయన ఇచ్చిన జవాబుల్లో ముఖ్యమైనది ఒకటే. నేను ప్రమాణం చేసిన వేదాంత పండితుణ్ని, బోధించడం నా బాధ్యత అన్నాడు. ఆ డాక్టరేట్ ఆయనకు అలంకారంగా మిగల్లేదు. ఆయన పోరాటానికి నిలబడే నేల అయింది.

1524 అక్టోబరులో లూథర్ సన్యాసి దుస్తులు విడిచిపెట్టి, నల్ల గౌనుతో ప్రసంగానికి వచ్చాడు. తర్వాతి కాలంలో ప్రొటెస్టంట్ సంఘాలలో ఎక్కువ భాగం పూజారి పట్టు వస్త్రాలను వదిలేసి, పండితుడి గౌనును పల్పిట్ ఎక్కించాయి. వాళ్ల దృష్టిలో పాస్టరు మొదట బోధకుడు. కాబట్టి బోధకుడి బట్ట చాలు. ఇంగ్లండులో 1560లలో ప్యూరిటన్లు తెల్లని ఆరాధన వస్త్రాల మీద తిరగబడి, అవి పోపు కాలపు గుడ్డపీలికలంటూ ఉద్యోగాలు కూడా పోగొట్టుకున్నారు. ఆ పట్టుదల గలవాళ్లకే చదువరి నల్ల గౌను మీద మాత్రం పెద్దగా పేచీ లేకపోయింది. ప్రష్యాలో రాజు మూడో ఫ్రెడరిక్ విలియం 1811లో ఇచ్చిన ఉత్తర్వు పాస్టర్లకూ, న్యాయమూర్తులకూ, యూదు రబ్బీలకూ కూడా నల్ల గౌనునే నిర్ణయించింది.

ఇంగ్లండు చర్చి తన దారిలో తాను సర్దుకుంది. 1604 నాటి నియమావళిలోని 58వ నియమం, పట్టభద్రులైన పాదిరులు తెల్లంగీ మీద తమ పట్టాకు తగిన హుడ్ వేసుకోవాలంది. పట్టా లేనివాళ్లు వేసుకుంటే తప్పని చెప్పి, వాళ్లకి నల్లని కండువాను అనుమతించింది. అది కూడా పట్టుది కాకూడదట. చదువు లేకపోవడం తప్పని ఆ నియమం అనలేదు. లేని చదువును ఒంటి మీద వేసుకోకూడదంది.

ఈ దుస్తుల చరిత్రలో అన్యాయం కూడా ఉంది, దాచాల్సిన పని లేదు. బ్రిటిష్ పార్లమెంటు 1871లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో మత పరీక్షలను రద్దు చేసినా, వేదాంత పట్టాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆంగ్లికన్ కానివాడికి ఆ ఎరుపు అందని పండే అయింది. స్త్రీల సంగతి చెప్పనక్కర్లేదు. 1923లో బోస్టన్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పుచ్చుకున్న జార్జియా హార్క్‌నెస్ ఒక సెమినరీలో వేదాంతశాస్త్రం బోధించే స్థానానికి చేరేసరికి 1939 వచ్చింది. అమెరికా సెమినరీల చరిత్రలో అలాంటి స్థానం దక్కించుకున్న మొదటి స్త్రీ ఆమె.

హుడ్ తగిలించే నిమిషం

కొన్ని సెమినరీలలో ఈ వేడుక పట్టాల ముందు సాయంత్రం చాపెల్‌లో జరుగుతుంది. కొన్నిటిలో పట్టాల సభలోనే. అభ్యర్థి తన హుడ్‌ను మడిచి ఎడమ చేతి మీద వేసుకుని వేదిక ఎక్కుతాడు. పేరు పిలవగానే దాన్ని గురువుకి అందించి, వెనక్కి తిరిగి, కాస్త వంగుతాడు. పొడుగైన మనిషైతే మోకాళ్లు వంచక తప్పదు. గురువు రెండు చేతులతో దాన్ని విప్పి, తల మీదుగా దాటించి, భుజాల మీద సర్ది, వీపున అస్తరు రంగులు కనబడేలా తిప్పుతాడు. పరిశోధన వ్యాసంలో ప్రతి వాక్యాన్నీ ప్రశ్నించిన ఆ చేతులే ఈ పని చేయడం నాకు చాలా ఇష్టమైన విషయం. హీబ్రూ, గ్రీకు నేర్చి, జర్మన్‌లోనో ఫ్రెంచ్‌లోనో చదివే పరీక్ష దాటి, రాసింది నాలుగుసార్లు కొట్టేయించుకుని తిరిగి రాసినవాడికి ఆ నిమిషం విలువ తెలుస్తుంది.

హుడ్‌తో ఒక చిక్కుంది. బరువంతా వెనకే కాబట్టి నడుస్తుంటే వెనక్కి జారి, ముందు పట్టీ గొంతును నొక్కుతుంది. అందుకే ఆ పట్టీ లోపల చిన్న ఉచ్చు లాంటి తాడు కుడతారు. దాన్ని చొక్కా గుండీకి తగిలించాలి. కుట్టిన వాళ్లు మగవాళ్ల చొక్కానే మనసులో పెట్టుకుని కుట్టారు మరి. చీర కట్టుకుని డాక్టరేట్ అందుకునే మన ఆడపిల్లకు గుండీ ఎక్కడుంటుంది? పక్కనున్న స్నేహితురాలు పిన్నీసు తీసి, గౌనుకీ హుడ్‌కీ కలిపి గుచ్చిపెట్టాల్సిందే.

ఇంకో సంగతి సెమినరీలలోనే బాగా కనబడుతుంది. ప్రార్థన మొదలవగానే మగవాళ్లు టోపీ తీసి చేత పట్టుకుంటారు. ఆడవాళ్లు తీయనక్కర్లేదు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం చదివినవాళ్లకి ఆ ఆచారం ఎక్కడిదో చెప్పక్కర్లేదు.

గౌరవం అంటే ఏమిటి

పట్టాల్లో తేడాలు చెప్పుకోవాలి. పీహెచ్‌డీ, టీహెచ్‌డీ పరిశోధన పట్టాలు. డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ, మాస్టర్ ఆఫ్ డివినిటీ (ఎండివ్) పూర్తి చేసి కొన్నేళ్లు సంఘసేవలో పనిచేసిన పాస్టర్ల కోసం ఏర్పడింది. తమ పనిలోనే ఒక సమస్యను తీసుకుని అధ్యయనం చేసి రాస్తారు. డాక్టర్ ఆఫ్ డివినిటీ, అంటే డీడీ, బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద పట్టా. ప్రచురించిన గ్రంథాల బలం మీద వస్తుంది. అమెరికాలో అదే డీడీ దాదాపు ఎప్పుడూ గౌరవ పట్టా. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల మన దగ్గర జరుగుతున్న గందరగోళం ఇంతా అంతా కాదు.

గౌరవ డాక్టరేట్ తక్కువదని నేననను. విలియం కేరీని తలుచుకుంటే ఆ మాట ఎవరూ అనలేరు. ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికిన మనిషి. కాలేజీ గడప తొక్కలేదు. బెంగాల్‌కి వచ్చి భాషలు నేర్చి, 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చు వేయించాడు. అమెరికాలో బాప్టిస్టులు స్థాపించిన బ్రౌన్ విశ్వవిద్యాలయం 1807లో ఆయనకు డీడీ ఇచ్చింది. ఆ తర్వాత ఆయన ఊరకే కూర్చోలేదు. 1814లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు వ్యాకరణం వెలువరించాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడి ముద్రణాలయం నుంచే వచ్చింది. ఆ ఏడే ఆయన, సహచరులు మార్ష్‌మన్, వార్డ్ కలిసి శ్రీరాంపూర్ కాలేజీ పెట్టారు. అప్పట్లో ఆ ఊరు డెన్మార్క్ వారిది. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ దానికి పట్టాలిచ్చే అధికారంతో సన్నదు ఇచ్చాడు. ఆ అధికారంతో తొలి వేదాంత పట్టాలు 1915లో ఇచ్చారు. 1918లో బెంగాల్ శాసనసభ చట్టం దాన్ని స్థిరపరిచింది. హైదరాబాదులోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, అంటే 1964లో రాజమండ్రిలో లూథరన్, బాప్టిస్టు తదితర సంఘాలు కలిసి మొదలుపెట్టిన కాలేజీ, ఆ శ్రీరాంపూర్ కాలేజీ సెనేట్ నీడలోనే నడుస్తోంది. చెప్పులు కుట్టినవాడికి దక్కిన గౌరవం వెనక అంత పని ఉంది.

ఇప్పుడు ఫ్లెక్సీల దగ్గరికి వద్దాం. ఏదో హోటల్ హాలు, అద్దెకి తెచ్చిన గౌన్లు, ఎవరూ వినని విదేశీ సంస్థ పేరు, ఒక్క పూటలో పదుల మంది డాక్టర్లు. మర్నాటి నుంచి పేరు ముందు రెవరెండ్ డాక్టర్. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలకు, అనుమతి పొందిన సంస్థలకే ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఇందులో నష్టపోయేది ఎవరు? రాత్రి పూట సంఘం పనులు ముగించుకుని, గ్రీకు వ్యాకరణంతో కుస్తీ పట్టి, ఏళ్ల తర్వాత ఆ నాలుగడుగుల హుడ్ వేసుకున్న పల్లెటూరి పాస్టరు. చదువు దక్కని తరాల నుంచి మొదటిసారి ఆ వేదిక ఎక్కిన బిడ్డ. వాళ్ల గౌను విలువను ఆ హోటల్ హాలు దొంగిలిస్తోంది. సంఘ పెద్దలు అడగవలసిన ప్రశ్నలు తేలికైనవే. ఏ సంస్థ? ఎవరు గుర్తించారు? ఏం రాశారు? ఎవరు పరీక్షించారు? నిజంగా చదివినవాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతారు.

మన ఎండలో మఖమల్

ఇంత చెప్పాక, ఆ చలిదేశపు బట్ట మనకెందుకన్న ప్రశ్న మిగిలే ఉంది. 2010 ఏప్రిల్‌లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవ వేదిక మీద అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ గౌను తీసేసి, ఇది వలస పాలన మిగిల్చిన ఆనవాయితీ అని తప్పుపట్టారు. తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు కండువాలకీ, చేనేతకీ మారాయి. 2019లో యూజీసీ కూడా స్నాతకోత్సవాలకు చేనేత వాడమని విశ్వవిద్యాలయాలను కోరింది.

సెమినరీకి ఈ ప్రశ్న మిగతావాళ్ల కంటే బరువైనది. మిగతా కాలేజీలకు గౌను బ్రిటిష్‌వాళ్ల నుంచి వచ్చిన వేషం. సెమినరీకి అది లూథర్ ప్రమాణం నుంచి, పల్పిట్ ఎక్కిన పండితుడి నుంచి వచ్చిన వారసత్వం కూడా. ఊరికే తీసి పారేస్తే ఆ వారసత్వం పోతుంది. ఉన్నదున్నట్టు ఉంచితే మన ఎండలో పాలియెస్టర్ గుడ్డ కింద చెమటలు కక్కుతూ నిలబడాలి.

నా మట్టుకు నాకు హుడ్ ఉండాలి. దాని రంగులూ ఉండాలి. గురువు చేతులతో దాన్ని తగిలించే ఆచారం తప్పకుండా ఉండాలి. గౌను గుడ్డ మాత్రం మారొచ్చు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేసే సన్నటి ఖద్దరు మన ఎండకి తట్టుకుంటుంది. తెల్లని ఆ బట్ట మీద ఐదంగుళాల ఎర్రని అంచు, లోపల కాలేజీ రంగుల మంగళగిరి అస్తరు వేస్తే, వీపు మీద చదవాల్సిన అక్షరాలన్నీ అలాగే ఉంటాయి. కుట్టేటప్పుడే ముందు పట్టీకి గుండీ ఉచ్చుతో పాటు ఒక చిన్న కొక్కెం కూడా పెడితే, చీర కట్టుకున్న డాక్టరమ్మకు పిన్నీసు కోసం వెతుక్కునే పని తప్పుతుంది. శ్రీరాంపూర్ సెనేట్ గానీ, మన తెలుగు సెమినరీల పాలకమండళ్లు గానీ వచ్చే స్నాతకోత్సవానికి ముందు ఒకసారి నేతగాళ్లనూ దర్జీలనూ పిలిచి కూర్చోబెడితే బాగుంటుంది.